పేరు రాయని ఫిల్మ్

ఆ పళ్ళ ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో సగంమంది డాక్టరు గారి కోసం కాక ఆవిడ కోసం వచ్చేవారు. ఆవిడకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుంది. రోగులు పెట్టిన పేరు ధైర్యమ్మ. సూది చూడగానే కాళ్ళు వణికేవాళ్ళు, మెట్ల దాకా వచ్చి నొప్పి తగ్గిపోయిందని వెనక్కి తిరిగేవాళ్ళు, కుర్చీలో పడుకోగానే కళ్ళు గట్టిగా మూసుకునేవాళ్ళు అందరూ ఆవిడ ఎడమచెయ్యి పట్టుకునేవారు. కుడిచేత్తో ఆవిడ ఉమ్మి లాగే గొట్టం పట్టుకునేది. "ఏం లేదు, చీమ కుట్టినట్టుంటుంది. నా చెయ్యి గట్టిగా పట్టుకో. విరిగితే నా చెయ్యే కదా విరిగేది," అనేది. నొప్పిలోనూ నవ్వొచ్చేది వాళ్ళకి.

పంతొమ్మిదేళ్ళ కిందట ఊడవడానికి చేరింది. తర్వాత పనిముట్లు కడగడం, అవి మరిగించడం, పళ్ళకి నింపే మందు కలపడం, ఎక్స్‌రే ఫిల్ములు చీకటి పెట్టెలో ముంచి తీయడం ఒక్కొక్కటే చేతికొచ్చాయి. డాక్టరు గారు చెయ్యి చాస్తే ఏ పనిముట్టు కావాలో అడక్కుండానే అందించేది. ఆయన అరవై దాటిన మనిషి. పొదుపుగా మాట్లాడతారు.

పళ్ళ మధ్య దారం వేసి శుభ్రం చేసుకోవడం చూపించే పని కూడా ఆవిడదే. బల్లమీద గుమ్మడికాయంత ప్లాస్టర్ దవడ ఒకటి ఉండేది. దారం రెండు వేళ్ళకీ చుట్టుకుని, ఆ బొమ్మపళ్ళ సందుల్లోకి మెల్లగా దించి, పంటిని కౌగిలించుకున్నట్టు వంచి పైకీ కిందకీ లాగి చూపించేది. "చిగురుని కోయకూడదు, కింద దాక్కున్న మురికిని బయటికి పిలవాలి అంతే," అనేది. ఒకాయన "పళ్ళకి దారమేంటమ్మా, కుట్లేస్తున్నావా" అన్నాడు. "ఇప్పుడు నేను దారం వేస్తే సరిపోతుంది. లేకపోతే రేపు డాక్టరు గారు నిజంగానే కుట్లేస్తారు," అంది.

ఇంత చెప్పే మనిషి నోట్లోకి ఆ దారం ఒక్కనాడూ పోలేదు. దీపం కిందే చీకటి అంటారు కదా, అలాగన్నమాట. ఆవిడ నవ్వితే పెదవులు విడేవి కావు. పొద్దున్నే పళ్ళు తోముకుని ఉమ్మితే గిన్నెలో ఎరుపు కనిపించేది. సరిగ్గా చూడకముందే కొళాయి తిప్పేసేది. పని చేసేంతసేపూ మూతికి మాస్కు ఉంటుంది కాబట్టి పక్కనున్న డాక్టరు గారికి కూడా ఆవిడ నోరు ఎలా ఉంటుందో తెలియదు.

దీనికి వెనక ఒక కథ ఉంది. ఆవిడకి తొమ్మిదేళ్ళప్పుడు మేనమామ వాళ్ళింట్లోనే ఉండేవాడు. ఇటుకల బట్టీలో పని. ఆవిడని భుజం మీద కూర్చోబెట్టుకుని రెండు చేతుల్లో రెండు నీళ్ళ బిందెలు మోసుకొచ్చేంత మనిషి. ఆయనకి కింది దవడలో చివరి పన్ను సలుపు పట్టింది. పదిరోజులు లవంగం నొక్కి పెట్టుకుని తిరిగాడు. తాళలేక ఒకచోట పీకించుకున్నాడు. మర్నాడు దవడ వాచింది. మూడోనాటికి వాపు మెడలోకి దిగింది. నాలుగోనాడు గొంతు మారింది, నోట్లో ఉడుకుడుకు ముద్ద పెట్టుకుని మాట్లాడుతున్నట్టుగా. ఐదోనాడు ఉమ్మి మింగలేక తుండుగుడ్డలోకి వదిలాడు. ఆరోనాడు పోయాడు. "పీకించుకోకపోతే బతికేవాడు," అని అమ్మ ఏడ్చింది. ఆ మాట తొమ్మిదేళ్ళ పిల్ల చెవిలో పడి అక్కడే ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్ని వందల పళ్ళు కళ్ళముందు ఊడి వచ్చినా, ఆ మనుషులంతా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళడం చూసినా ఆ మాట కదల్లేదు.

అలాంటిది ఆ మంగళవారం మధ్యాహ్నం అన్నం తింటుంటే కుడివైపు కింది దవడపన్ను నాలుక కింద కదిలింది. నొప్పి లేదు. గూట్లో వదులుగా పెట్టిన దీపపు ప్రమిదలా ఒకవైపుకి ఒరిగి, మళ్ళీ సర్దుకుంది. ఆవిడ నమలడం ఆపేసింది. డాక్టరు గారు భోజనానికి ఇంటికి వెళ్ళి ఉన్నారు. ఆసుపత్రిలో ఎవరూ లేరు.

అన్నం డబ్బా మూసి, చేతులు కడుక్కుని, ఆవిడే రోగుల కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో కూర్చోవడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. అక్కడినుంచి చూస్తే గది వేరేగా ఉంది. పైన దీపం కన్నులా మీదకి వంగి ఉంది. పనిముట్ల పళ్ళెం కనిపించడం లేదు. దాంట్లో ఏముందో తనకి తెలుసు కాబట్టి అలా కనిపించకపోవడమే మరీ భయమేసింది. ఫిల్ము నోట్లో పెట్టుకుని, వేలితో అదిమి, యంత్రం మూతి దవడకి ఆనించుకుని, మీట నొక్కింది.

చీకటి పెట్టెలో చేతులు దూర్చి ఫిల్ము కడుగుతున్నంతసేపూ తనకి తానే చెప్పుకుంది, పెద్దదేం ఉండదని. బయటికి తీసి దీపానికి ఎదురుగా పట్టుకుంది. ఫిల్ము చదవడం రాని మనిషైతే బాగుండేది. పంటి వేళ్ళ చుట్టూ ఎముక, కాలవకి గట్టులా నిండుగా, తెల్లగా ఉండాలి. ఈ ఫిల్ములో గట్టు కోసుకుపోయింది. చివరి రెండు దవడపళ్ళూ వరద తగ్గాక మిగిలిన రాటల్లా కొనల మీద నిలబడి ఉన్నాయి. వాటి కింద నల్లటి మచ్చ ఒకటి గుండ్రంగా ఉంది.

ఇంతలో కింద తలుపు కొట్టారు. మందుల కంపెనీవాడు. ఆవిడ ఫిల్ముని ఆరడానికి చివరి క్లిప్పుకి తగిలించి దిగివెళ్ళింది. వాడు ఒక పట్టాన వదల్లేదు. తిరిగి పైకి వచ్చేసరికి డాక్టరు గారు వచ్చేసి ఉన్నారు. ఫిల్ము ఆయన చేతిలో ఉంది.

"ఎవరిది ఇది? పేరు రాయలేదేం?"

"పొద్దున ఒకావిడ వచ్చారు సార్. మీరు లోపల ఉన్నారు. తొందరగా వెళ్ళాలంటే ఫిల్ము తీసి పంపాను."

"వయసెంత?"

"నలభై రెండు."

ఆయన ఫిల్ముని కిటికీ వెలుగులో మళ్ళీ చూశారు. "నలభై రెండేళ్ళకి ఎముక ఇంతలా కరిగిపోదు. షుగరుండి ఉంటుంది, ఆవిడకి తెలిసుండదు. కింద చీము కూడా పట్టింది. ఇది ఎప్పుడైనా తిరగబడుతుంది. ఫోన్ చేసి రేపే రమ్మను."

ఆవిడ రిజిస్టరులో నోటికొచ్చిన పేరొకటి రాసింది. ఫోన్ నంబరు దగ్గర కలం ఆగింది. పక్కనే డాక్టరు గారు నిలబడి చూస్తున్నారు. ఆవిడకి కంఠతా వచ్చిన నంబర్లు రెండే. ఒకటి ఆసుపత్రిది, రెండోది భర్తది. రెండోదే రాసేసింది.

బుధవారం ఆయన అడిగారు. "ఆవిడ వచ్చిందా?"

"ఫోన్ ఎత్తట్లేదు సార్."

గురువారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. ఆయన ఆ ఫిల్ముని మిగతా ఫిల్ములతో కలపకుండా బల్లమీద తన కళ్ళద్దాల పక్కనే పెట్టుకున్నారు. ఆవిడ బల్ల తుడిచిన ప్రతిసారీ దాన్ని ఎత్తి తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాల్సి వచ్చేది. దాహం ఆగేది కాదు. నాలుగు నెలలుగా ఆ దాహం ఉంది, ఎండ అనుకుంది. కాలిమీద చెప్పు కరిచిన పుండు ఆరు వారాలుగా మానడం లేదు, కొత్త చెప్పులు అనుకుంది. ఇప్పుడు ఆ రెండూ ఒక్కచోటికి చేరి ఆయన అన్న మాట పక్కన కూర్చున్నాయి.

శుక్రవారం సలుపు మొదలైంది. శనివారం పొద్దున అద్దంలో చూసుకుంటే దవడ కింద కోడిగుడ్డంత వాపు. మాస్కు దాన్ని సగం కప్పింది. మిగతాది పమిట కప్పింది. ఆ రోజు ఒక ముసలాయన పన్ను తీయించుకుంటూ ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. అయ్యాక దూది కొరికిపట్టుకునే అన్నాడు. "మీ చెయ్యి కాలిపోతోందమ్మా. నాకన్నా మీరే వణుకుతున్నారు."

"ఫ్యాను కింద నిలబడ్డాను కదా బాబాయి గారూ," అంది. కాలుతున్న చేతికి ఫ్యానుతో సంబంధమేమిటో ఆయన అడగలేదు.

ఆదివారం సెలవు. భర్త బడి బస్సు నడుపుతాడు, ఆయనకీ సెలవే. ఆవిడ పాలు తప్ప ఏమీ తాగకపోవడం, అవి కూడా తల ఒకవైపుకి వంచి తాగడం చూస్తూ కూర్చున్నాడు.

"మీ డాక్టరు గారికి చూపించావా?"

"చూశారు. మందిచ్చారు. తగ్గుతుంది."

"ఏం మందు?"

"మందే. పేరు చెప్తే మీకు తెలుస్తుందా?"

ఆయన ఏనాడూ ఆవిడతో వాదించి నెగ్గినవాడు కాడు. ఆవిడ మనసులో మాత్రం రోజుల లెక్క నడుస్తూనే ఉంది. నిన్న దవడ. ఇవాళ మెడ. పీకించుకుంటే మామయ్యలా అవుతుందని దాచుకుంటే, పీకించుకోకుండానే మామయ్యలా అవుతోంది. ఆ మాట మనసులో పూర్తిగా రాకముందే ఆవిడ లేచి గిన్నెలు తోమడానికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున నీళ్ళు గొంతు దిగలేదు. కొంచెం కొంచెంగా, మెడ చాపి మింగాల్సి వచ్చింది. అయినా పనికి వెళ్ళింది. ఇంట్లో ఒక్కతే కూర్చోవడానికి భయమేసింది.

పదకొండు గంటలకి కుర్చీలో ఒకాయన నోరు తెరుచుకుని ఉన్నాడు, మెడకి కాగితపు తువ్వాలు కట్టుకుని. ఆవిడ పక్కగదిలో పనిముట్లు సర్దుతోంది. డాక్టరు గారు చేతి తొడుగులు వేసుకోబోతూ బల్లమీది ఫిల్ము చూసి ఆగిపోయారు.

"వారం కావస్తోంది. ఆ నంబరు ఇటివ్వు, నేనే చేస్తాను."

"నేను చేస్తాను సార్." ఆవిడ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది, నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు. ఆయన ఒక్కక్షణం ఆవిడ వైపు చూసి రిజిస్టరు తెరిచారు.

తలుపు చాటున నిలబడి ఆవిడ ఒకవైపు మాటలే వింది.

"హలో. పళ్ళ ఆసుపత్రి నుంచి డాక్టర్ని మాట్లాడుతున్నాను. మీ ఇంట్లో ఆవిడెవరో మొన్న మంగళవారం ఫిల్ము తీయించుకుని వెళ్ళారు... దవడపళ్ళు ఊగుతూ ఉండాలి... అవును... మీ ఆవిడా? అయితే వెంటనే పంపించండి. ఎక్కడున్నారు ఆవిడ?"

తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. ఫోన్ పెట్టేసిన చప్పుడు కూడా రాలేదు. భర్త ఏమన్నాడో ఆవిడకి తర్వాత తెలిసింది. "అదేంటి సార్, మీ దగ్గరే ఉంది కదా. రెండేళ్ళుగా దిండుమీద రక్తం మరకలు చూస్తున్నాను. మీరు చూస్తూనే ఉన్నారనుకున్నాను," అన్నాడట.

డాక్టరు గారు కుర్చీలో ఉన్నాయనతో అన్నారు. "మీరు కాసేపు బయట కూర్చోండి." తర్వాత తలుపు వైపు తిరిగారు. "మాస్కు తియ్యి."

"ముందు ఆయన పని కానివ్వండి సార్."

"మాస్కు తియ్యమ్మా."

తీసింది. ఆయన రెండు వేళ్ళతో దవడ కింద నొక్కి చూశారు. బల్లచెక్క నొక్కినట్టు గట్టిగా ఉంది. "నాలుక పైకెత్తు," అన్నారు. ఎత్తలేకపోయింది. ఏ రోగికైనా తను చేసేది ముందుగా చెప్పి చేసే మనిషి, ఇప్పుడేమీ చెప్పలేదు. ఆయన కారు తాళాలు తీసుకున్నారు. వాళ్ళిద్దరూ గబగబా మెట్లు దిగుతుంటే బయట కూర్చున్నాయన మెడకి తువ్వాలుతోనే లేచి నిలబడ్డాడు.

పెద్దాసుపత్రికి దారిలో, మాట సరిగ్గా రాకపోయినా, ఆవిడ మేనమామ సంగతి చెప్పింది. ముప్ఫై మూడేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆయన రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా విన్నారు.

"పీకినందువల్లే పోయాడా సార్?"

"ఆలస్యమైనందువల్ల కావచ్చు. పీకినవాడు సరిగ్గా చూడకపోయినందువల్ల కావచ్చు. నేను చూడలేదు, చెప్పలేను," అన్నారు. గేరు మార్చి మళ్ళీ అన్నారు. "నిన్ను మాత్రం పంతొమ్మిదేళ్ళు పక్కన పెట్టుకుని చూడలేదు. ఒక్కసారైనా నోరు తెరవమని అడగలేదు."

ఆవిడ అప్పటికే ఊపిరి తీయడానికి ముందుకి వంగి కూర్చుంది.

అక్కడ ముందు గొంతులోకి గొట్టం వేశారు. తర్వాత దవడ కింద కోసి చీము తీశారు. ఆ రెండు పళ్ళూ తీసేశారు. షుగరు నాలుగు వందలు దాటి ఉంది. భర్త బస్సుని బడి ముందే వదిలేసి, యూనిఫాంలోనే వచ్చి వసారాలో నిలబడ్డాడు. రెండు రోజులు ఎవరూ ఆయనకి సరైన మాట చెప్పలేదు. మూడోనాడు గొట్టం తీశారు. పన్నెండో రోజున ఇంటికి వచ్చింది, దవడ కింద వేలెడంత మచ్చతో, కొంచెం బొంగురుపోయిన గొంతుతో.

నెల తర్వాత పళ్ళ ఆసుపత్రిలోనే మిగతా నోటి పని మొదలైంది. చిగుళ్ళ కిందికి వెళ్ళి రాయిలా గట్టిపడ్డ గారని గీకి తీయాలి. ఒక్కో వైపు ఒక్కో రోజు. మొదటి రోజు కుర్చీలో పడుకున్నాక గాని గుర్తు రాలేదు, చెయ్యి పట్టుకునే మనిషి ఆ ఆసుపత్రిలో తనొక్కతే అని. భర్తని లోపలికి పిలిచింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, డాక్టరు గారి చేతిలో పనిముట్టు చూసి, "బస్సు అడ్డంగా పెట్టాను, తీసి వస్తా," అని వెళ్ళిపోయాడు. ఆ వేళకి బస్సు బడి ఆవరణలో ఉంది. ఆవిడ తన ఏప్రాను అంచుని రెండు చేతులా పట్టుకుని పడుకుంది. నొప్పి అనుకున్నంత లేదు గాని, బాగానే ఉంది. భయమే ఎక్కువుంది, అది మాత్రం చివరిదాకా తగ్గలేదు. చీమ కుట్టినట్టుంటుందని అన్నేళ్ళూ అందరికీ చెప్పింది కదా, అది అబద్ధమని ఆ రోజు తెలిసింది. తర్వాత ఎవరికీ ఆ మాట చెప్పలేదు. "నొప్పిగా ఉంటుంది, ఇంతసేపు ఉంటుంది," అని మాత్రం చెప్పేది. కొంతమందికి అది నచ్చేది కాదు. ఒకావిడ ఆ మాట విని చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది, మళ్ళీ రాలేదు.

ఇంట్లో రోజూ పొద్దున అద్దం ముందు దారం వేళ్ళకి చుట్టుకునేది. బొమ్మ దవడ మీద ఆడిన వేళ్ళు సొంత నోట్లో తడబడ్డాయి. మొదటివారం దారం ఎర్రగా వచ్చింది. మూడోవారానికి తెల్లగా రావడం మొదలుపెట్టింది. షుగరు మాత్రం చెప్పినట్టు వినలేదు. ఒక నెల దిగేది, ఒక నెల ఎక్కేది.

మూడు నెలలకోసారి డాక్టరు గారు ఫిల్ము తీసేవారు. మొదటిసారి మార్పు లేదు. రెండోసారి కూడా లేదు. మూడోసారి తీసిన ఫిల్ముని ఆవిడే కడిగి, తడి ఆరకుండానే కిటికీ దగ్గరికి తెచ్చింది. ఇద్దరూ పక్కపక్కనే నిలబడి చూశారు. ఎడమవైపు దవడపన్ను దగ్గర, పోయినసారి గట్టు నిండుగా ఉన్నచోట, సన్నటి నల్లగీత ఒకటి కిందికి దిగింది.

"ఇది కొత్తదా సార్?"

"కొత్తదే." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "గురువారం అక్కడ ఇంకోసారి గీకుతాను. షుగరు మళ్ళీ చూపించుకో."

"ఆగుతుందా?"

"కొందరికి ఆగుతుంది."

బయట బల్లమీద నలుగురు కూర్చుని ఉన్నారు. అందులో ఒకడు బుగ్గ పట్టుకుని మెట్ల వైపే చూస్తున్నాడు. ఆవిడ ఫిల్ముని కవరులో పెట్టి, చేతులు కడుక్కుని, వాణ్ణి లోపలికి రమ్మని పిలిచింది.